వినోదవనమునకు వెళ్లకముందు



గతమాసమున ఊరగాయ జాడీలను గూర్చి వ్రాసితిమి. ఈ మాసమున జాడీలకు వాసెన కట్టి, ప్రయాణపు సంచి విప్పుచున్నాము. రానున్న దసరా సెలవులలో మా కుటుంబము మొట్టమొదటిసారిగా థీమ్ పార్కునకు, అనగా వినోదవనమునకు, పోవ నిశ్చయించినది. తిరుపతికిని అన్నవరమునకును పోయివచ్చుట మాకలవాటే. ఆ యాత్రలకు ఏమేమి కట్టుకొనవలయునో మా అత్తగారికి కంఠపాఠము. ఈ యాత్రకు మాత్రము దారి చెప్పువారు మా యింట లేరు, అందరమును క్రొత్తవారమే. కావున రెండు మాసములుగా అడిగి, లెక్కవేసి, పొరపడి, దిద్దుకొన్న సంగతులను మీ ముందుంచుచున్నాము.

ఇంత ముందుచూపు మాకు ఊరక అలవడలేదు. నిరుడు పొరుగు పట్టణమున జరిగిన ఎగ్జిబిషనునకు పిల్లలను తీసికొనిపోయితిమి. మా చిన్నవాడు కొండలెక్కి దిగు చిన్న రైలు కొరకు గంటసేపు వరుసలో నిలిచెను. వాని వంతు రాగా కాపువాడు కొలకఱ్ఱ ప్రక్కన నిలువబెట్టి, చాలడని చెప్పి ప్రక్కకు తప్పించెను. వెనుకనున్న పిల్లలు పకపక నవ్విరి. వాడేడువలేదు. ఆ రాత్రి కంచము ముందు కూర్చుండి, “అమ్మా, నేను పొట్టివాడనా?” అని యడిగెను. అన్నము కలిపిన చేయి మాకు కదలలేదు.

సభాపర్వమున దుర్యోధనుడు మయసభను చూడబోయిన ఘట్టము మీరెరుగుదురు. నేలను నీరనుకొని బట్ట ఎగగట్టెను, నీటిని నేలయనుకొని దిగి తడిసెను, చూచినవారు నవ్విరి. ఆ నవ్వు ఎంతవరకు పోయినదో లోకమునకెల్ల తెలియును. మా తండ్రిగారు చిన్ననాట మాకా కథ చెప్పునపుడు అసూయవలని కీడును గూర్చి చెప్పిరి. ఇప్పుడు పిల్లలను పెంచుచు చదివినపుడు మాకు వేరొకటి తోచుచున్నది. వింతలున్న చోటికి పోవువానికి, అచ్చట ఏమున్నదో ముందుగా చెప్పినవారొక్కరును లేకపోయిరి.

వినోదవనములు నేటివి కావు. డెన్మార్కు రాజధానియైన కోపెన్ హేగనులో టివోలి అను ఉద్యానము 1843లో తెరవబడి నేటికిని నడచుచున్నది. అమెరికాలో వాల్ట్ డిస్నీ నిర్మించిన డిస్నీల్యాండు 1955 జూలై 17న తెరవబడినది. ఆనాడు ఆహ్వానము లేనివారు దొంగ టిక్కెట్లతో వేలకొలది చొరబడిరట. మంచినీటి కుళాయిలు పెక్కు పనిచేయలేదు. క్రొత్తగా పోసిన తారు ఎండకు మెత్తబడి స్త్రీల మడమజోళ్లు దిగబడినవి. అంత ధనము పోసి కట్టినవారికే మొదటినాడు నీటి యేర్పాటు తప్పినది. మనకు తప్పుట వింతయా? మన దేశమున 1984లో ఢిల్లీలో అప్పూఘర్ వెలసి 2008లో మూతబడినది. 1989లో ముంబాయిలో ఎస్సెల్ వరల్డు వచ్చినది. మన తెలుగునాట హైదరాబాదు చెంత 1996లో రామోజీ ఫిల్మ్ సిటీయు, 2016లో రావిర్యాలలో వండర్లాయు ఏర్పడినవి.

మా యింట మొదటి చిక్కు ఈ రెండింటిలో ఏది అనునదే. మాది కృష్ణాతీరము. విజయవాడనుండి హైదరాబాదునకు రహదారిని పోవునపుడు నగరము చేరకముందే ఫిల్మ్ సిటీ తగులును. పందొమ్మిదివందల కాదు, 1,666 ఎకరముల విశాలప్రాంగణము. ప్రపంచమున మిక్కిలి పెద్ద చలనచిత్ర నిర్మాణస్థలముగా గిన్నిస్ పుస్తకమున కెక్కినది. బాహుబలి చిత్రము కొరకు కట్టిన కోటల నచ్చట చూపుదురు. అత్తగారికి 68 ఏండ్లు. ఆమెకు ఇదియే తగునని మేమును మా వారును నిశ్చయించి, పెద్దపిల్లను ఒప్పించుటకు తగిన మాటలు కూడ సిద్ధపరచుకొంటిమి. అత్తగారిని మాత్రము అడుగలేదు.

ఒకనాడు చిక్కుడుకాయలు వలచుచు ఆమెయే యడిగిరి: “అమ్మాయీ, అచ్చట ఎట్లు తిరుగవలయును?” అంత పెద్ద ప్రాంగణమును బస్సులలో త్రిప్పి చూపుదురనియు, చోటుచోట దిగి యెక్కవలయుననియు చెప్పితిమి. “దినమెల్ల బస్సు మెట్లు ఎక్కి దిగుట నా మోకాళ్లకు చాలదు. ఒకచోట చెట్టునీడ దొరకినచో కూర్చుండి పిల్లల కేకలు వినెదను. పిల్లది కోరినచోటికే పోదము” అనిరి. ఆమె పేరు చెప్పి ఆమెకే కష్టమైనదానిని ఎన్నుకొంటిమని తెలిసి సిగ్గుపడితిమి. వండర్లా నిశ్చయమైనది. ఆనాడు మాకు తెలిసినదిది: యాత్రకు కావలసిన కొలతలన్నియు ఇంటియందే తీసికొనవలయును, అందును ఎవరి కొలతను వారినే యడిగి తీసికొనవలయును.

మొదటి కొలత ఎత్తు. ఇట్టి వనములలో ఒక్కొక్క ఆటకు ఇంత ఎత్తుండవలయునని నియమము కలదు. 120 సెంటీమీటర్లు మొదలు 140 వరకు ఆటనుబట్టి గీతలు మారుచుండును. బయలుదేరకముందే వనమువారి పట్టిక చూడుడు. మేము పిల్లలను తలుపుకమ్మీకి ఆనించి పెన్సిలుతో గీతలు గీచితిమి. పెద్దపిల్ల 148, చిన్నవాడు 121. అప్పుడు మా వారు వానిని దగ్గరకు తీసికొని, రోలర్ కోస్టరు మర్మము చెప్పిరి. బండిని గొలుసు పైకి లాగును. అచ్చటినుండి దానిని నడపునది ఇంజను కాదు, భూమ్యాకర్షణమే. పైనుండి జారిన వేగముతోనే మలుపులన్నియు తిరుగును. ఆ వేగమున మనిషిని పట్టియుంచునది భుజములమీదనో తొడలమీదనో బిగించు కడ్డీ. అది పెద్దవారి దేహమునకు చేసినది. చిన్నదేహము దానినుండి జారిపోవును. “కుండకు మూత పెద్దదైనచో కుండ తప్పా?” అని మేమడిగితిమి. వాడు చాలసేపు ఆలోచించి, “అయితే నా కుండకు సరిపడు మూతలేవో చెప్పుము” అనెను. వాని కందిన ఆటలను వానిచేతనే పట్టిక వ్రాయించితిమి; పదునొకండు తేలినవి. వాడిప్పుడు మరచిన మాట, “పొట్టివాడనా” అనునది.

రెండవ కొలత శరీరబలము. గర్భిణులు, గుండెజబ్బును రక్తపుపోటును గలవారు, మెడ నడుము నొప్పులవారు, క్రొత్తగా శస్త్రచికిత్స జరిగినవారు వేగపు ఆటలెక్కరాదు. నెల తప్పెనేమో యను సందేహమున్న సోదరియు సిగ్గుపడి ఊరకుండక ఆగుటయే మేలు. కడుపునిండ పెరుగన్నము తిని గిరగిర తిరుగు ఆట యెక్కినచో ఏమగునో చెప్పనక్కరలేదు. ఉదయము ఇడ్డెనలవంటి తేలికపాటి ఫలహారము చాలును. నీరు తరచుగా త్రాగించుడు. మధ్యాహ్నము ఒక గంట ఏ ఆటయు లేక నీడలో కూర్చుండుట కూడ ఏర్పాటులో వ్రాసికొనుడు. వ్రాయని విశ్రాంతి దొరకదు.

మూడవది ధనము. సంక్రాంతి మొదలు నెలకు 2,000 చొప్పున 9 నెలలు తీసిపెట్టితిమి, 18,000 అగుచున్నవి. టిక్కెట్ల వెల దినమునుబట్టి మారుచుండును గాన ఇచ్చట వ్రాయుట లేదు. మేము మొదట టిక్కెట్లును బస్సు చార్జీలును కూడి, ఇంకను చాల మిగులునని సంతసించితిమి. తరువాత ఒక్కొక్కటిగా బయటపడినవి: రెండు రాత్రుల బస, బసనుండి వనమునకు బండి, సామాను దాచు లాకరు అద్దె, నీటి ఆటలకు వలయు దుస్తులు, లోపలి భోజనము. బయటి ఆహారమును సాధారణముగా లోనికి రానీయరు గాన పులిహోర మూట నమ్ముకొని పోరాదు. పసిబిడ్డల పాలకును మందులకును అడ్డుండునో లేదో ముందుగా ఫోనుచేసి తెలిసికొనుడు. లెక్క పూర్తియగుసరికి టిక్కెట్లు మొత్తములో సగమైనను కాలేదు. చివరకు 2,000 విడిగా చీటికట్టి, అనుకోని ఖర్చునకు ముట్టకుండ ఉంచితిమి.

నాలుగవది కాలము. ఉపాధ్యాయుని కుటుంబమునకు రద్దీ లేని సెలవు దొరకదు. వారి బడి మూసినపుడు ఊరందరి బడులును మూయుదురు. అందుచే సెలవులలోనే శని ఆదివారములను, పండుగనాటిని విడిచి, నడుమనున్న దినము నెన్నుకొంటిమి. దసరానాటికి వాన పూర్తిగా వెనుదీయదు. ఉరుములు మెరుపులున్నపుడు ఎత్తైన ఆటలను ఆపుదురు. ఈ మాట పిల్లలకు ముందే చెప్పియుంచితిమి. గేటు తెరచువేళకు చేరి, వరుసలు పెరుగకముందు పెద్ద ఆటలు చూచుకొని, ఎండవేళకు నీటి ఆటలకు పోవలయునని మా తలంపు. విడిపోయినచో కలిసికొనవలసిన చోటు లోపలికి పోగానే నిర్ణయించుకొందుము. చిన్నవాని జేబులో మా ఫోను సంఖ్యగల చీటి ఉండును.

దుస్తుల సంగతియు చెప్పవలయును. నీటి ఆటలలో చీరలను, నూలుబట్టలను రానీయరు. నైలానువంటి బట్టతో కుట్టిన ఈత దుస్తులే కావలయును. నూలు నీరు పీల్చి బరువెక్కును. దాని పోగులు నీరు వడగట్టు యంత్రములకు అడ్డుపడును. వ్రేలాడు కొంగు జారుబండలో చిక్కుకొనును. మిగిలిన ఆటలలోను ఓణీ, జడ, గొలుసు తిరుగు చక్రములకు దూరముగా ఉండవలయును. జడను ముడివైచి, గొలుసులు ఇంటనే విడిచి పోవుట మేలు.

ఇన్నియు ఒక కాగితమున వ్రాసి, క్రింద ఎవరెవరి కోరిక యేమో, ఎవరెవరి పని యేమో పట్టికగా వేసితిమి. పెద్దపిల్లకు, ముందుకు పోయి మరల వెనుకకు వచ్చు రీకాయిల్ అను కోస్టరు. చిన్నవానికి పదునొకండు ఆటలు. మా వారికి కోస్టరు ప్రక్క నిలిచి గడియారముతో వేగము లెక్కకట్టుట. అత్తగారికి చెట్టునీడ. పెద్దపిల్ల కాగితము తీసికొని చదివి, “అమ్మా, నీ కోరిక యేది? నీ పేరెదుట సంచులు అని మాత్రమే యున్నదే?” అనెను. మాకు కోరిక యేముండునని నవ్వి త్రోసివేయబోయితిమి.

అప్పుడు అత్తగారు జపమాల ప్రక్కన పెట్టి ఇట్లనిరి: “నాకు పెండ్లియైన యేడు తీర్థమునకు పోయితిమి. ఆడబిడ్డలందరు రంగులరాట్నమెక్కిరి. వారి చెప్పులును గాజుల పొట్లములును నా చేతికిచ్చిరి. దిగిన తరువాత నన్నెక్కుమని ఎవ్వరును అనలేదు, నేనును అడుగలేదు. ఇప్పటికి 48 ఏండ్లైనది. ఆ కొయ్యగుఱ్ఱముల రంగులు ఇంకను కన్నులకు కట్టినట్లున్నవి. సంచులకు లాకరున్నదంటివి గదా! నీవెందుకు?”

మేము మారుమాటాడలేక, మా పేరెదుట “అలల కొలను” అని వ్రాసితిమి. నైలాను దుస్తులు తొడుగవలయునే యని అత్తగారి ముఖము చూచితిమి. “నియమము అందరికిని ఒక్కటే” అని ఆమె మరల జపమాల తీసికొనిరి. మా కొలతకు దుస్తులు కుట్టించుటకు మరునాడే దర్జీకి ఇచ్చితిమి.

సోదరీమణులారా! మీరును ఇట్టి యాత్ర తలపెట్టినచో పిల్లల ఎత్తు కొలువుడు, పెద్దల బలము కొలువుడు, పెట్టెలోని ధనము కొలువుడు. పట్టిక ముగించి మడుచునపుడు, సంచులెదుట ఎవరి పేరున్నదో ఒక్కమారు చూచుకొనుడు. మా కాగితమిప్పుడు వంటింటి గోడకు అంటించియున్నది. అత్తగారి పేరెదుటనున్న చెట్టునీడ క్రింద పెద్దపిల్ల మాతో చెప్పక మరియొక మాట చేర్చినది: “రంగులరాట్నము, వైద్యునడిగి.” అత్తగారు రెండుమూడు పర్యాయములు దానిని చదువుకొనుట చూచితిమి. కొట్టివేయలేదు.