గడియారం లెక్కించేది మీ పాదాలను కాదు

మోకాలు వాచి, కుంటుతూ మా ఇంటికి వచ్చిన డెబ్భై రెండేళ్ల మాస్టారిని ఏమైందని అడిగితే, ఆయన కాలు చూపలేదు; చేయి చూపారు. మణికట్టుకు, అమెరికాలోని కుమారుడు పంపిన గడియారం! ముందురోజు రాత్రి పది గంటలకు అది ఏడువేల చిల్లర చూపితే, పదివేలు పూర్తి చేయడానికి హాలులో గోడ నుండి గోడకు తిరిగారట. మోకీళ్లు అరిగిన మనిషి!

ఇంతకూ ఆ పదివేలు ఎవరు వ్రాసిన మందుచీటీ? 1965లో జపానులో ఒక సంస్థ నడుముకు తగిలించుకునే యంత్రాన్ని ‘మాంపోకేయ్’ అన్న పేరుతో అమ్మింది. ‘పదివేల అడుగుల మీటరు’ అని ఆ మాటకు అర్థం. అంగడి సరుకు పేరు కాలక్రమాన ఆరోగ్యసూత్రమై కూర్చున్నది.

ఇక లెక్క సంగతి. గడియారానికి పాదాలు కనబడవు. దానిలోని యాక్సిలరోమీటరు చేతి కదలికలోని వేగపు మార్పులను పసిగడుతుంది. వాటిలో నడకను పోలిన లయ కనబడితే అడుగులుగా జమకడుతుంది. గతుకుల రోడ్డుపై ఆటోలో కూర్చున్నా కొన్ని జమ కావచ్చు. ఆ తప్పును నవ్వి వదిలేయవచ్చు. నా ఆగ్రహం రెండవ తప్పు మీద. వాకరు పట్టుకున్నవారి చేయి ఊగదు. నెమ్మదిగా కాళ్లీడ్చి నడిచేవారి కదలికలో ఆ లయ స్పష్టంగా ఉండదు. వారి అడుగులు ఎన్నో లెక్కకే రావు. యువకుని నడకను దాదాపు సరిగా లెక్కించే యంత్రం, ఎవరికి ప్రతి అడుగూ ప్రయాసయో వారికే అన్యాయం చేస్తున్నది. ఆ లోటు పూడ్చడానికి వారు రాత్రివేళ మరికొంత నడుస్తున్నారు!

దూరం మరీ విడ్డూరం. జీపీఎస్ లేనప్పుడు అది కొలత కాదు, గుణకారం. మీ ఎత్తును సుమారు 0.41తో హెచ్చవేసి అడుగు నిడివి అనుకోవడం పరిపాటి. 165 సెంటీమీటర్ల మనిషికి 68 సెంటీమీటర్లు. 6,000 అడుగులకు నాలుగు కిలోమీటర్లు. కీళ్లనొప్పులతో 50 సెంటీమీటర్ల అడుగే వేసేవారు నిజంగా నడిచినది మూడే. సొంత అడుగు నిడివిని నమోదు చేసే వీలు కొన్నింటిలో ఉన్నది. చేసినవారిని నేనింతవరకు చూడలేదు.

‘ఏదోలా నడిపిస్తున్నది కదా’ అంటారు. కదలనివారిని కదిలిస్తే సంతోషమే. కాని 2019లో అమెరికాలో వెలువడిన అధ్యయనం చూడండి. సగటున 72 ఏళ్ల 16,741 మంది మహిళలలో, రోజుకు 2,700 అడుగులు వేసేవారి కంటె 4,400 వేసేవారికి మరణపు ముప్పు 41 శాతం తక్కువగా కనబడింది. 7,500 దాటాక అదనపు మేలు కనబడలేదు. (అక్కడ పరికరం నడుముకు ధరించారు, చేతికి కాదు.)

మీ గడియారాన్ని మీరే పరీక్షించండి. మీ మామూలు నడకతో, కర్ర ఉంటే కర్రతోనే, నూరు అడుగులు నోటితో లెక్కపెట్టి నడిచి, అది ఎన్ని చూపిందో చూడండి. మోకాలు వాచిన రోజున మాత్రం అంకె ఎంతైనా సరే, ఆగండి.

వాపు తగ్గాక మాస్టారు ఉదయం పావుగంట, సాయంత్రం పావుగంట నడుస్తున్నారు. గడియారం మాత్రం తీయలేదు. అంకె తగ్గితే కుమారుడు అక్కడినుండి ఫోను చేసి మందలిస్తాడట. ఈ వ్యాసం ముందుగా ఆ అబ్బాయికే పంపుతున్నాను.