చిన్నది సొంతము, పెద్దది కిరాయి

పట్టణములలో ఉద్యోగము విరమించి, తాతలనాటి నాలుగైదెకరముల మీది మమకారము చావక స్వగ్రామమునకు మరలి వచ్చువారును, పుట్టి పెరిగిన నేలను ఏనాడును విడువక ఉన్న కొద్ది భూమిలోనే తోటయో పైరో పెట్టుకొని నిలదొక్కుకొన యత్నించువారును ఇటీవల తెలుగునాట ప్రతి మండలమునను కనిపించుచున్నారు. బోరు వేయించి, పొలము చుట్టును తీగె కంచె కట్టించి, మామిడి అంట్లును నిమ్మ మొక్కలును నాటించి, ఒక మూల చిన్న యిల్లు వేసికొనిన పిమ్మట వారి మనస్సున మొట్టమొదట పుట్టు కోరిక ట్రాక్టరు. ఈ కోరిక తప్పని నేననను. ఎడ్ల అరకలు అరుదై, కూలికి మనుష్యులు దొరకుట దుర్లభమైన యీ కాలమున యంత్రము లేక సేద్యము సాగదు. కాని ఆ యంత్రమును ఎన్నుకొనుచున్న తీరు చూచినచో విచారము కలుగక మానదు. పొలమును బట్టి పనిముట్టును, పనిముట్టును బట్టి ట్రాక్టరును నిర్ణయించుకొనవలసి యుండగా, మనవారు ముందు పొరుగువాని ట్రాక్టరును చూచి అంతకంటె పెద్దదానిని బుక్ చేసి, తరువాత దానికి తగిన పనిముట్లు కొని, ఆ మీదట వానికి చాలినంత పొలము తమకు లేదని గ్రహించి, వాయిదాలు కట్టుటకై కిరాయిలు వెదకుకొనుచు ఊరూర తిరుగుచున్నారు.

2025 సెప్టెంబరు 22 నుండి ట్రాక్టర్లపై జి.ఎస్.టి. 12 శాతము నుండి 5 శాతమునకు తగ్గినది. రైతునకిది నిజముగా మేలు. అయితే అట్లు మిగిలిన సొమ్ము చేతిలో నిలువక, 35 హార్స్ పవర్ కొనదలచినవాడు 45కును, 45 కొనదలచినవాడు 50కిని ఎగబ్రాకుటకే వినియోగమగునేమో యని నా భయము.

ఒక్కసారి కాగితము మీద లెక్క వేసి చూడుడు. అయిదడుగుల రోటావేటరు గంటకు 3 కిలోమీటర్ల వేగముతో నడచినచో, గట్టుల యొద్ద మలుపులకు పోవు కాలమును కలుపుకొని, ఎకరమునకు గంటంబావు పట్టును. కల్టివేటరు రెండు సాళ్లు, రోటావేటరు రెండు సాళ్లు తోలినను ఒక్కొక్క పంటకు ఎకరమునకు అయిదు గంటలకు మించదు. అయిదెకరములకు, రెండు పంటలకు కలిసి 50 గంటలు. ఎరువు తోలుటకు, మందు కొట్టుటకు, పంట యింటికి చేర్చుటకు మరి 50 గంటలు వేసికొందము. ఏడాదికి 100 గంటలైనవి. వ్యవసాయ ఇంజనీర్లు ట్రాక్టరు ఖర్చు కట్టునపుడు సాధారణముగా ఏడాదికి 1000 గంటల పనిని, 10 ఏండ్ల ఆయుర్దాయమును ప్రమాణముగా గ్రహింతురు. 8 లక్షలు పోసి కొన్న బండి పదేండ్లకు 80 వేలకు అమ్ముడగుననుకొన్నను తరుగుదల ఏటికి 72 వేలు. సగటు పెట్టుబడి మీద నూటికి 10 చొప్పున వడ్డీ 44 వేలు. ఈ 1,16,000 రూపాయలను 1000 గంటల మీద పంచినచో గంటకు 116 రూపాయలు పడును. 100 గంటల మీద పంచినచో 1,160 పడును. డీజిలు, డ్రైవరు జీతము, బీమా, మరమ్మతులు వేరు. అనగా ట్రాక్టరు ఇంటి ముందు నీడలో కదలక నిలిచియున్నను ఈ భారము రైతు నెత్తిన పడుచునే యుండును.

అట్లయిన కొననేల, కిరాయికి పిలిపించుకొనిన చాలదా యని కొందరు విజ్ఞులు అందురు. ఈ మాటలో సగమే సత్యము. సేద్యమునకు ప్రాణము పదను. తొలకరి వాన కురిసిన పిమ్మట ఎర్రచెలకలో విత్తనము వేయుటకు తగిన తేమ నిలుచునది కొద్ది దినములే. నల్లరేగడిలో ముందు దిగినచో బంకమట్టి చక్రములకు చుట్టుకొనును, జాగు చేసినచో పెళ్లలు లేచి రాయియగును. ఆ కొద్ది దినములలోనే ఊరిలోని రైతులందరికిని ట్రాక్టరు కావలెను. కిరాయి బండివాడు సహజముగా పదెకరముల ఆసామి పొలమునకు ముందు పోవునే గాని, ఎకరమున్నర పేదరైతు గట్టు మీద నిలిచి ఫోను చేయుచున్నాడని రాడు. పదను తప్పిన పంటకు కలుగు నష్టము ఏ లెక్కల పుస్తకమునందును చేరదు. కావున సొంత యంత్రము కావలెనను రైతు వాంఛను ఆడంబరమని కొట్టివేయుట అన్యాయము. ఈ రెండు సత్యములను కలిపి చూచినపుడు నాకు తోచు మార్గమొక్కటే: అదనులో విత్తుటకు, అంతరకృషికి, మందు పిచికారీకి, చిల్లర తోలకములకు చాలిన చిన్న ట్రాక్టరు సొంతముగా ఉండవలెను, రెండు మూడేండ్లకొకమారు వేసవిలో లోతుగా దున్నుటవంటి బరువు పనులకు పెద్దది కిరాయికి రావలెను. వేసవి దుక్కికి ఒకటి రెండు వారములు ఆలస్యమైనను కొంప మునగదు.

చిన్న ట్రాక్టరనగానే చాలమంది పెదవి విరుతురు. ఇది చరిత్ర తెలియని చులకన. 1946లో ఇంగ్లండులోని కవెంట్రీ నగరమున తయారగుట మొదలైన ఫెర్గూసన్ టి.ఇ.20 ట్రాక్టరు తొలి ఇంజను బలము ఇంచుమించు 24 హార్స్ పవర్లు. బరువు ఒక టన్నుకు కొంచెము ఎక్కువ. 1956 వరకు 5 లక్షలకు పైగా తయారైన ఆ బండ్లే ఆ దేశపు చిన్న కమతముల రూపు మార్చినవి. 1958 జనవరిలో ఎడ్మండ్ హిల్లరీ బృందము ఆ జాతి ట్రాక్టర్లకే పట్టాలు తొడిగి మంచు మీద నడిపించుకొని దక్షిణ ధ్రువము చేరినది. ఇంత తేలికబండి అంత పని చేయగలుగుటకు మూలము హ్యారీ ఫెర్గూసన్ రూపొందించిన మూడు బిందువుల లింకేజి. క్రింద రెండు చేతులు, పైన ఒక కడ్డీ. నాగలి మట్టిలో దిగి బిగిసిన కొలదిని ఆ లాగుడు బరువుగా మారి వెనుక చక్రములను నేలకు అదిమి పట్టును. బండిని వట్టి ఇనుముతో బరువెక్కింపక, పనిచేయు నాగలి చేతనే దానికి పట్టు కల్పించిన ఆ యుక్తి నేడు మన ఊళ్లలో తిరుగు ప్రతి ట్రాక్టరు వెనుకను ఉన్నది. మన దేశమున దుర్గాపూర్‌లోని కేంద్ర మెకానికల్ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థలో రూపు దిద్దుకొని, 1974లో పంజాబున తయారై వచ్చిన స్వరాజ్ 724 కూడ 25 హార్స్ పవర్ల తరగతిదే. ఆనాటి రైతులు దానిని ఆటవస్తువనుకొనలేదు.

ఇక నేల సంగతి. బండి బరువెక్కిన కొలదిని నేల అణగును. పైపొరను రోటావేటరు పిండివలె చేసి కంటికి ఇంపుగా చూపును గాని, ఏటేట అదే లోతున తిరుగు కత్తుల క్రిందను, తడినేల మీద నడచు చక్రముల క్రిందను గట్టిపొర ఒకటి ఏర్పడి, వాన నీటిని లోనికి దిగనీయదు, వేళ్లను పోనీయదు. నల్లరేగడి రైతులకు ఈ బాధ అధికము. కృష్ణా గోదావరి డెల్టాలలో దమ్ము చేయువారికి కేజ్ వీల్స్ అవసరమే; దిగబడని తేలికబండి అచ్చటను మేలు. కాని ఆ ఇనుప చక్రములతోనే తారు రోడ్డెక్కుట నిషిద్ధమని అధికారులు ఎన్నిమారులు చెప్పినను వినక, ప్రజల సొమ్ముతో వేసిన రోడ్లను గాట్లు పడగొట్టుచున్నవారిని చూచినపుడు మనస్సు కలుక్కుమనును.

తోట గలవారు మరియు జాగ్రత్త వహింపవలెను. 45 హార్స్ పవర్ల బండి వెడల్పు ఆరడుగులకు దగ్గరగా ఉండును. తోటల కొరకై చేసిన చిన్న ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లు మూడున్నర, నాలుగడుగులలో ఇముడును. నిమ్మను ఇరువది అడుగుల ఎడముతో నాటినను, నాలుగైదేండ్లకు కొమ్మలు రెండు ప్రక్కల నుండియు కమ్ముకొని వచ్చి మిగులు దారి ఎంతయో కొలచి చూచుకొనుడు. పెద్దబండి ఆ సందున దూరినచో పైకి నిలిచిన సైలెన్సరు లేతకొమ్మలను మాడ్చును, మడ్డు గార్డు బెరడును గీరును. పైగా నిమ్మ పీచువేళ్లు నేలకు పై పైననే పరచుకొనియుండును. లోతుగా దున్నుట తోటకు హాని. ఆ తోటకు కావలసినది బలము కాదు. ఇరుకున తిరుగు ఒడుపును, తక్కువ ఎత్తును.

కొనబోవునపుడు హార్స్ పవర్ అంకె ఒక్కటే అడిగి ఊరకుండరాదు. ప్రకటనలో చెప్పునది ఇంజను బలము. రోటావేటరును త్రిప్పునది, పనిముట్లకు ఇంజను బలమునందించు పి.టి.ఓ. ఇరుసు దగ్గర దొరకు బలము, అది ఇంజను బలములో సుమారు 85 శాతముండును. నాలుగడుగుల రోటావేటరునకు 25 హార్స్ పవర్ల తరగతి బండియు, అయిదడుగులదానికి 35 నుండి 40 వరకును, ఆరడుగులదానికి 45కు పైబడినదియు కావలెను. ఈ వరుస తలక్రిందులైనచో ఇంజను మూలుగును, లేదా డీజిలు వృథాయగును. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో కేంద్రప్రభుత్వ సంస్థ ట్రాక్టర్లను పరీక్షించి నివేదికలు వెలువరించుచున్నది. అనంతపురము జిల్లా గార్లదిన్నెలో దక్షిణ ప్రాంతమునకై అటువంటి శిక్షణ పరీక్షా సంస్థ కలదు. బుద్నీ నివేదికలో పి.టి.ఓ. బలము, గంటకు త్రాగు డీజిలు, లిఫ్టు మోయు బరువు, బ్రేకుల పనితనము, విప్పి చూచినపుడు భాగముల అరుగుదల సైతము ఉండును. షోరూములో కూల్ డ్రింకుతో పాటు ఆ నివేదికను కూడ అడుగు రైతును నేనింతవరకు చూడలేదు. అడుగు హక్కు మాత్రము ప్రతివానికిని కలదు.

పాతబండి కొనువారికి ఒక మాట. తెల్లవారుజామున, ఇంజను చల్లగా ఉన్నపుడే పోవుడు. ముందుగానే వేడిచేసి ఉంచినచో సందేహింపుడు. స్టార్టు చేసిన తరువాత నీలిపొగ ఆగక వచ్చుచున్నచో ఇంజను ఆయిలు త్రాగుచున్నదని అర్థము. బరువైన పనిముట్టును లిఫ్టుతో పైకెత్తించి, ఇంజను ఆపి, అటునే చూచుచు నిలువుడు. అది మెల్లమెల్లగా క్రిందికి జారుచున్నచో హైడ్రాలిక్ పని ముందున్నదని తెలిసికొని ధర మాటాడుడు. ముందు చక్రములను చేతులతో పట్టి ఊపుడు, స్టీరింగులో ఎంత లూజున్నదో చూడుడు. క్రొత్త పెయింటును నమ్మకుడు.

క్రొత్తదైనను పాతదైనను, పది పదిహేను కిలోమీటర్లలో మెక్కానిక్కును విడిభాగములును లేని కంపెనీ ఎంత గొప్పదైనను మనకు పనికిరాదు. దమ్ముల కాలమున ఒక చిన్న సీలు కొరకు నాలుగు దినములు బండి ఆగినచో అంతకు ముందు చేసిన బేరమంతయు గంగలో కలిసినట్లే.

ప్రాణములకు సంబంధించిన సంగతి చెప్పక ముగింపలేను. పి.టి.ఓ. ఇరుసు నిమిషమునకు 540 చుట్లు తిరుగును, అనగా సెకనుకు తొమ్మిది చుట్లు. పంచె చెరగో, చీరకొంగో, జారిన తువాలో దానికి తగిలినచో కేకవేయు వ్యవధి కూడ ఉండదు. అందుకే దానిపై ప్లాస్టిక్ తొడుగు అమర్చి పంపుదురు. గ్రీజు పెట్టుటకు అడ్డమని మనవారు మొదటి నెలలోనే దానిని పీకి పారవేయుదురు. మడ్డు గార్డు మీద పిల్లలను కూర్చుండబెట్టుకొని కాలువ గట్టుల మీద తోలుటయు, కూలికి పోవు స్త్రీలను ట్రక్కులో నిలువుగా నింపి తీసికొని పోవుటయు మన పల్లెలలో నిత్యకృత్యములైనవి. ట్రక్కు సరకుల బండి, మనుష్యుల బండి కాదు. చిన్న ట్రాక్టరునకు మోయలేని ట్రక్కును తగిలించినచో దిగుడు రోడ్డున వెనుక బరువే ముందు బండిని త్రోసివేయును. ఇది తెలిసియు చేయుట మహాపాపము.

ప్రభుత్వములకు నా విన్నపము. యంత్రముల రాయితీలు ఇచ్చునపుడు 15 నుండి 30 హార్స్ పవర్ల బండ్లకును, చిన్న విత్తన గొర్రులకును మొదటి స్థానమిండు. గ్రామములలో నెలకొల్పిన అద్దె యంత్ర కేంద్రములలో పదను దినములయందు రెండెకరముల లోపు రైతునకు ముందు వరుస కల్పింపుడు. అమ్మకమునకు ఉంచిన ప్రతి ట్రాక్టరు ప్రక్కను దాని పరీక్షా నివేదిక సారము, ఒక్క పుటలో, తెలుగులో అతికింపవలెనని డీలర్లకు ఉత్తర్వు చేయుడు. గార్లదిన్నె సంస్థ వారు పూనుకొన్నచో ఆ అనువాదము కష్టమైన పని కాదు. పాఠకులారా, ఈ యేడు ట్రాక్టరు కొనదలచినచో అడ్వాన్సు ఇచ్చుటకు ముందు మీ ఎకరములను, పంటలను, గంటలను కాగితము మీద వ్రాసికొని, ఆ కాగితమును చేతబట్టుకొనియే షోరూము మెట్లెక్కుడు.