ఫ్యాను గరగరలాడితే పాట సౌండు పెంచకండి



పోయిన నెల బ్రేకుల గురించి రాస్తే, "ఎండలు ముదురుతున్నయ్, ఇంజిన్ వేడి సంగతి కూడా రాయి కాకా" అని నలుగురు అడిగారు. అందుకే ఈసారి రేడియేటర్ ఫ్యాను. ముందు మా వాడలో జరిగిన ఒక సంగతి చెప్తా.

మా వెనక గల్లీలో ఒక అన్న ఉన్నాడు. ముప్పై ఏళ్లు సాంచాల మీద పనిచేసి చెవులు సగం పోయినయ్. కొడుకు పాత కారు కిస్తుల మీద తీసుకొని, సోలాపూర్ నుంచి తుల్జాపూర్‌కు భక్తులను తిప్పుతాడు. పోయిన ఎండాకాలం ఒకరోజు ఇంటి ముందు కారు స్టార్టింగ్‌లో ఉండగా ఆ అన్న బానెట్ మీద చెయ్యి పెట్టి, "వణుకుతుందిరా, లోపల ఏదో అరిగింది" అన్నాడు. కొడుకు నవ్విండు. "నీకు చప్పుడే వినరాదు గదా బాపూ!" వినరాదు, నిజమే. కాని సాంచా మీద చెయ్యి పెట్టి ఏ బేరింగ్ పోతుందో చెప్పిన చెయ్యి అది.

పిల్లవాడికి గరగర వినిపిస్తూనే ఉంది. పాట సౌండు పెంచాడు. తర్వాత ఒక గ్యారేజీకి తీసుకుపోతే వాళ్లు ఫ్యాను "డైరెక్ట్" చేసి పంపారు. అంటే తాళం తిప్పినప్పటి నుంచి ఆపేదాకా తిరుగుతూనే ఉంటుంది. అరిగిన మోటారుకు అది ఇంకా చేటు. వారం తిరగకముందే తుల్జాపూర్ ఘాట్ మీద ఫ్యాను పట్టేసింది. ముల్లు ఎరుపుకు చేరింది. "ఇంకో రెండు కిలోమీటర్లే గదా" అని నడిపాడు. హెడ్ వంగింది, గ్యాస్‌కెట్ పోయింది. చెల్లె పెండ్లికని వేసిన చీటీ డబ్బు ఇంజిన్‌కు పోయింది. మొదట్లోనే మోటారు మార్పిస్తే ఆ ఖర్చులో చిన్న ముక్కతో తేలిపోయేది.

ఇప్పుడు అసలు విషయం. బండి పరుగు మీద ఉంటే ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. ట్రాఫిక్‌లో నిలబడ్డప్పుడు, ఘాట్ ఎక్కేటప్పుడు ఆ గాలి చాలదు. అప్పుడు ఫ్యాను కావాలి. చాలా కార్లలో కూలెంట్ సుమారు 95 నుంచి 100 డిగ్రీలకు చేరితే సెన్సార్ చెప్పి, రిలే కలిపి, మోటారు తిరుగుతుంది. ఏసీ వేస్తే కూడా తిరుగుతుంది. అప్పుడు బుయ్యిమని గాలి చప్పుడు రావడం మామూలే. కొన్ని బండ్లలో తాళం తీశాక కూడా కాసేపు తిరుగుతుంది. భయపడొద్దు.

ముందుగా చప్పుడు ఫ్యానుదేనా అని తేల్చుకోండి. బండి నిలబెట్టి ఏసీ వేయండి. ఫ్యానుతో పాటే చప్పుడు మొదలై, ఫ్యాను ఆగితే ఆగిపోతే అది ఫ్యానుదే. యాక్సిలరేటర్‌తో పాటు పెరిగితే బెల్టు వైపో, వాటర్ పంపు వైపో చూడాలి. ఇంజిన్ నడుస్తుంటే తువ్వాలు, చున్నీ, చెయ్యి ఏదీ దగ్గరికి పోనియ్యకండి.

తర్వాత ఇంజిన్ పూర్తిగా చల్లారనిచ్చి, బ్యాటరీ మైనస్ వైరు తీసి, అప్పుడే ఫ్యాను ముట్టుకోండి. వైరు తీయకుంటే తాళం లేకున్నా ఫ్యాను తిరగొచ్చు, వేళ్లు పోతయ్.

టకటక అంటే రెక్క దేనికో తగులుతుంది. ఆకు, కవరు, జారిన వైరు ఉందేమో చూడండి. ఫ్యాను చుట్టూ ఉండే ప్లాస్టిక్ చట్రం బోల్టు వదులైనా ఇదే చప్పుడు. ఇది మీరే సరిచేసుకోవచ్చు.

దడదడ అని బండంతా వణికితే రెక్క విరిగిందేమో, మోటారు కింది రబ్బరు పోయిందేమో చూడండి. విరిగిన రెక్కను అతికించొద్దు. ఫ్యానే మార్చాలి.

గరగర, కీచు అంటే మోటారు బుష్షో బేరింగో అరిగింది. చేత్తో తిప్పితే నున్నగా తిరగాలి. బిగుసుకున్నా, ఇరుసు పైకీ కిందికీ ఆడినా మోటారు పని అయిపోయినట్టే. నూనె పోస్తే చప్పుడు నాలుగు రోజులు దాక్కుంటుంది, అరుగుదల దాక్కోదు.

టిక్కు టిక్కుమంటూ ఫ్యాను తిరగకపోతే రిలే, ఫ్యూజు, వైరు కనెక్షన్ చూపించండి.

బెల్టుతో తిరిగే ఫ్యాను ఉన్న పాత బండ్లలో, ఇంజిన్ ఆపి చల్లారాక రెక్క పట్టుకొని ముందుకూ వెనక్కూ ఊపండి. ఆడితే చాలాసార్లు వాటర్ పంపు బేరింగే. దాన్ని ఒక్కరోజు కూడా ఆపొద్దు. రెక్క పోయి రేడియేటర్‌ను చీలుస్తుంది.

కొత్త మోటారు వేశాక ఒక పరీక్ష. రెండు వైర్లు తారుమారైతే ఫ్యాను ఉల్టా తిరుగుతుంది. చప్పుడు ఉండదు, చల్లదనమూ ఉండదు. ఫ్యాను రేడియేటర్ వెనక ఉండే బండిలో గ్రిల్ ముందు ఒక కాగితం పెట్టండి. లోపలికి అతుక్కుంటే సరిగ్గా ఉన్నట్టు, బయటికి ఎగిరితే ఉల్టా.

దారిలో ముల్లు ఎరుపుకు పోతే ఏసీ ఆపి, పక్కకు తీసి, ఇంజిన్ బంద్ చేయండి. వేడి మీద రేడియేటర్ మూత తీయొద్దు, కాలిపోతారు. ఇంజిన్ మీద చల్లనీళ్లు గుమ్మరించొద్దు. సవారీ పోతే పోనీ, సవారీ రేపు దొరుకుతుంది.

ఆ పిల్లవాడు ఇప్పుడు రాత్రి కారు ఇంటి ముందు ఆపి, ఇంజిన్ బంద్ చేయకుండానే కేకేస్తాడు: "బాపూ, ఒక్కసారి చెయ్యి పెట్టు!"

వచ్చే నెల టైర్లలో గాలి సంగతి. మీ బండ్ల ముచ్చట్లు రాసి పంపండి.