నాలుగు నారింజపళ్ళు

మావారి ఉద్యోగం మూలాన మేం జొహానెస్‌బర్గ్‌లో కాపురం పెట్టి నాలుగేళ్ళయింది. పొరుగునున్న బోత్స్వానా ఇంకా చూడలేదా అని అందరూ అడుగుతూంటే, పిల్ల సెలవుల్లో ఒక బృందంతో బయలుదేరాం. లారీ చట్రం మీద బస్సు పెట్టె బిగించిన బండి. ఇరవైమందిమి. హోటళ్ళ మాట లేదు. ఏ పూట మకాంలో ఆ పూట ఎవరి డేరా వాళ్ళే వేసుకోవాలి.

లింపోపో నది దాటగానే బోత్స్వానా. 1966లో స్వతంత్రమైన దేశం. అక్కడి డబ్బు పేరు 'పూలా'. ఆ మాటకు వాన అని అర్థమట! కలహారీ ఎడారిని ఒళ్ళో పెట్టుకున్నవాళ్ళకు వానను మించిన ధనమేముంటుంది చెప్పండి? మా డ్రైవరు ఆ దేశస్థుడే, పెద్దవాడు. ఆడవాళ్ళను 'మ్మా' అని పిలవడం వాళ్ళ మర్యాద. మన 'అమ్మా'లో అకారం దారిలో ఎక్కడో జారిపోయిందనుకున్నాను.

బస్సు కుదుపుకు మా అమ్మాయికి ఒకటే వాంతులు. ఫ్రాన్సిస్‌టౌన్‌లో డజను నారింజపళ్ళు కొన్నాను. దుక్వీ గేటు దగ్గర పశువైద్య శాఖవారు బండి ఆపారు. అది మాంసం ఎగుమతి చేసే దేశం; గాలికుంటు పాకకుండా పచ్చిమాంసం కోసం వెతుకుతారు, మన చెప్పుల్ని మందునీళ్ళలో తొక్కిస్తారు. "మేం శాకాహారులం, మాకేం భయం?" అని దర్జాగా దిగాను. ఆ దర్జా రాత్రిదాకానే!

నాటా దాటి ఉత్తరంగా వెళ్ళాక ఆనాటి మకాం. చుట్టూ కంచె లేదు. 2022 లెక్కల ప్రకారం ఆ దేశంలో మనుషులు 23 లక్షల పైచిలుకైతే, ఏనుగులు 1,30,000 పైన. చీకటి పడుతూండగా డ్రైవరు వచ్చి, "నారింజలున్నవాళ్ళు ఇచ్చేయండి మ్మా, బస్సులో పెట్టి తాళం వేస్తాను. ఆ వాసనకు ఏనుగులు వస్తాయి" అన్నాడు. ఎనిమిది ఇచ్చాను. రాత్రి పిల్లకు వికారమైతేనో అని నాలుగు పక్క కింద దాచాను. తల్లి తెలివి!

అర్ధరాత్రి మెలకువ వచ్చింది. దగ్గరలో ఏదో పెద్ద కడుపు గుడగుడలాడుతున్న చప్పుడు. నా తల దగ్గర డేరా గుడ్డ లోపలికి నొక్కుకుంది, వదిలింది, మళ్ళీ నొక్కుకుంది. తొండం! మావారు నా చెయ్యి పట్టుకున్నారు. పిల్ల నిద్రపోతోంది. పళ్ళు బయటికి విసరడానికి చెయ్యి రాలేదు. ఎంతసేపో చెప్పలేను. ఇంతలో బస్సు ఇంజను మోగింది. గుడ్డ కదలడం ఆగింది. బరువైన అడుగుల చప్పుడు కూడా వినపడలేదు. ఎండుకొమ్మ ఒకటి విరిగింది, అంతే.

తెల్లవారి చూస్తే డేరాకు మూరెడు దూరంలో పళ్ళెమంత అడుగు. "మన డేరాలన్నీ వదిలి అక్కడికే ఎందుకు వచ్చిందో!" అని అందరూ ఆశ్చర్యపోతున్నారు. ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. డ్రైవరు మాత్రం నావైపు చూడకుండా మేకులు పెరుకుతున్నాడు. లోపలికి వెళ్ళి నాలుగు పళ్ళూ తెచ్చి, అందరి ఎదుటా అతని చేతిలో పెట్టాను.

"మ్మా!" అన్నాడు. అంతే, ఇంకేమీ అనలేదు.

మధ్యాహ్నం బస్సులో ఆ డజను పళ్ళూ ఒలిచి అందరికీ పంచాడు. నాకు తొన గొంతు దిగలేదు. మా అమ్మాయి తన వంతు తిని, నా వంతూ పుచ్చుకుంది.