గుమ్మడి బీరు, తెలుగు నాలుక

"దీని రుచి చెప్పడానికి తెలుగులో మాటలు లేవు మాస్టారూ" అన్నాడు నా పూర్వ విద్యార్థి ఒకడు. ఆ మాట విన్న నాటి నుంచి నాకు నిద్ర సరిగా పట్టడం లేదు. ఆ బాధతోనే ఇది వ్రాస్తున్నాను.

సందర్భం చెప్పాలి. ఆ అబ్బాయి బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. రకరకాల బీర్లు రుచి చూసి ఆంగ్లంలో వ్యాసాలు వ్రాయడం అతడి వ్యసనం. మొన్న చోడవరం వచ్చినప్పుడు నన్ను విశాఖపట్నం తీసుకువెళ్ళి, అక్కడికక్కడే బీరు కాచి పోసే ఒక శాలలో కూర్చోబెట్టాడు. గుమ్మడికాయా, మసాలా దినుసులూ వేసి కాచిన 'పంప్కిన్ ఏల్' అట. జీవితంలో మద్యం ముట్టనివాణ్ణి. అయినా వాదానికి దిగేవాడు వస్తువును ఎరుగకుండా దిగరాదు కనుక నాలుగు గుక్కలు పుచ్చుకున్నాను. (మా ఇంటావిడకు ముందే విన్నవించుకున్నాను లెండి.)

ఇక మాటలు లేవన్న ఆ రుచిని చెబుతాను, వినండి. రంగు లేతపాకం రంగు. నురగ పలుచన, గ్లాసు చేతికి వచ్చేలోపే విరిగింది. మొదటి గుక్కలో దాల్చినచెక్క ఘాటు, ఆ వెంటనే లవంగం చురుకు, జాజికాయ వగరు. నడుమ మొలకెత్తిన ధాన్యం వేయించిన కమ్మదనం. చివర చిరుచేదు, అది నాలుక మొదట్లో కాసేపు నిలిచింది. రెండవ గుక్కకు తీపి మొహం మొత్తింది. గుమ్మడికాయ జాడ మాత్రం ఎక్కడా లేదు!

ఇందులో నేను ఆంగ్లాన్ని ఎక్కడ యాచించాను? చేదునిచ్చే 'హాప్స్' పువ్వుకు మనకు పేరు లేదు, ఒప్పుకుంటాను. మన నేల మీద పండని దానికి పేరు లేకపోవడం దారిద్ర్యం కాదు.

గుమ్మడికాయ జాడ లేకపోవడంలో వింత లేదట. ఉత్తర అమెరికాలో తొలినాటి ఆంగ్లేయ వలసదారులు బార్లీ చాలక గుమ్మడికాయను కాచి పులియబెట్టుకున్నారు. అది లేమిలో పుట్టిన పానీయం. 1980వ దశకంలో కాలిఫోర్నియాలో దానిని మళ్ళీ లేవదీశారు. ఈసారి గుమ్మడికాయకు కాక గుమ్మడి తీపివంటలో వేసే మసాలాకు పట్టం కట్టారు. 2003లో స్టార్‌బక్స్ వారు ఆ మసాలానే కాఫీలో కలిపి లోకం మీదకు వదిలారు. అంటే మలబారు మిరియాల వ్యాపారులు ఓడలకెక్కించిన దినుసులవంటివే నాలుగు, ఖండాలు చుట్టి, విశాఖ తీరానికి ఫ్యాషనుగా తిరిగివచ్చాయి.

అన్నట్టు, ఆ శాలలో ఒకాయన దీనిని 'కూష్మాండ సుర' అన్నాడు. అయ్యా, కూష్మాండమంటే బూడిదగుమ్మడి. ఈ తియ్యగుమ్మడి అమెరికా నుంచి వచ్చినది. సురను గురించి మాట్లాడదలిస్తే సరిగానే మాట్లాడుకుందాం. దినుసులను కాచకుండా పులియబెట్టితే ఆసవం, కాచిన కషాయాన్ని పులియబెట్టితే అరిష్టం. ధాన్యపు ద్రవాన్ని కాచి పులియబెట్టిన ఈ ఏల్ ఆ లెక్కన అరిష్టమే అవుతుంది. నిజానికి నాకు మొదటి గుక్కలోనే బాలింతలకు పట్టే దశమూలారిష్టం జ్ఞప్తికి వచ్చింది. అందులోనూ జాజికాయ, లవంగం, దాల్చినచెక్క ఉంటాయి. కౌటిల్యుని అర్థశాస్త్రంలో సురాధ్యక్షుని ప్రకరణం మేదకం, ప్రసన్న, ఆసవం, అరిష్టం, మైరేయం, మధువు అని వేరువేరుగా పేర్కొన్నది.

"అది సంస్కృతం గదా" అంటారు. మంచిది, తెలుగుకే వద్దాం. వగరు వేరు, కనరు వేరు. మాడు వాసన వేరు, ముక్క వాసన వేరు. పసరు, చప్పన, జిగట, కమ్మన, ఘాటు, పులిసినది, మాగినది... మా ప్రాంతంలో చెరకురసం కాగే పెనం ముందు నిలబడి గరిటెతో పాకం ఎత్తి చూసి, ఇది దించవచ్చు, ఇది ఇంకొక పొంగు రావాలి అని చెప్పే మనుషులు ఎందరో ఉన్నారు. అనకాపల్లి బెల్లానికి పేరు తెచ్చినది వారి చూపే. వారికి ఆంగ్లం రాదు.

ఇంతవరకూ వాదం నా పక్షమే. ఇక్కడి నుంచి కాదు.

ఆ అబ్బాయి తాత తాడిచెట్టు ఎక్కి కల్లు గీసేవాడు. ఏడవ తరగతిలో 'మా తాత' అని వ్యాసం వ్రాయమంటే ఈ పిల్లవాడు తాత ముంతలోని కల్లు ఒక గుక్క నోట పోసుకుని చెప్పిన మాటలు వ్రాశాడు: "పొద్దెక్కిపోనాది. పులుపు తిరిగిపోనాది. కుండ సరీగ కడగనేదు, అడుగు మడ్డి వాసనేస్తంది." నేను ఆ మూడు వాక్యాల కింద ఎర్రసిరాతో గీత గీసి, పక్కన 'గ్రామ్యం' అని వ్రాసి, పదికి నాలుగు మార్కులు వేశాను. ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులుగారి పటానికి దండ వేసిన చేతితోనే వేశాను.

ఇప్పుడు చెప్పండి. తెలుగులో మాటలు లేవని వాడికి నేర్పినది ఎవరు? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేను ఆంగ్లం మీదా, బెంగుళూరు మీదా విరుచుకుపడ్డాను గాని, ఆ మాటలను కొట్టివేసినది నా కలమే. నావంటి పండితులు మరెందరో ఉన్నారు. వారందరితోనే ఇప్పుడు నా తగవు. తాత కల్లు గురించి చెప్పినది గ్రామ్యమై, మనవడు బీరు గురించి ఆంగ్లంలో చెప్పినది విద్వత్తు ఎట్లా అయింది? రెండూ పులిసిన పానీయాలే. రెండింటిలోనూ మద్యసారం కాస్త అటూ ఇటూగా ఒక్కపాటిదే.

పంతులు తాగుడును సమర్థిస్తున్నాడని ఎవరో ఒకరు అంటారు. 1992లో దూబగుంట స్త్రీలు సారా మీద ఎందుకు తిరగబడ్డారో ఎరిగినవాణ్ణే. సారా కూల్చిన కాపురాల నుంచి వచ్చిన పిల్లలకు పాఠం చెప్పినవాణ్ణి. తాగమని ఎవరికీ చెప్పడం లేదు. మడ్డి వాసనకు 'మడ్డి వాసన' అని పేరు పెట్టగల మనిషిని మూర్ఖుడనవద్దంటున్నాను.

నిన్న ఆ అబ్బాయికి ఫోను చేసి మార్కుల సంగతి చెప్పాను. వాడికి జ్ఞాపకం ఉన్నది. కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "నురగ విరిగింది అన్నారు కదా మాస్టారూ, మా తాత అట్లా అనేవాడు కాదు, 'నురగ సచ్చిపోనాది' అనేవాడు" అన్నాడు. దిద్దుకున్నాను.