పాత ల్యాప్‌టాప్‌కి ఖరీదైన ఎస్‌ఎస్‌డీ అక్కర్లేదు!

పాత ల్యాప్‌టాప్ స్లో అయిందని వెంటనే కొత్తది కొనేయకండి. ముందు హార్డ్ డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డీ వేసి చూడండి. అయితే బాక్స్ మీద సెకనుకు 7,000 ఎంబీ అని ఉంది కదా అని టెంప్ట్ అవ్వొద్దు. నేను అలాగే తొందరపడి ఎన్‌వీఎంఈ డ్రైవ్ కొన్నా. తీరా చూస్తే నా ల్యాప్‌టాప్‌లో ఉన్నది 2.5 అంగుళాల సాటా బే ఒక్కటే!

సాటా 3లో స్పీడ్ ఎంత వచ్చినా 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. ఫర్వాలేదు, పాత హార్డ్ డిస్క్ ఇచ్చేది 100 చిల్లరే. పైగా అసలు తేడా చిన్న చిన్న ఫైళ్లు తెరవడంలో తెలుస్తుంది. ఎస్‌ఎస్‌డీలో డిస్క్ తిరగక్కర్లేదు, హెడ్ కదలక్కర్లేదు.

అందుకే నా ఓటు 5 ఏళ్ల వారంటీ ఉన్న 500 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీకే. మిగిలిన డబ్బుతో 4 జీబీ ర్యామ్‌ని 8 చేసుకోండి. కొనేముందు మాత్రం మీ ల్యాప్‌టాప్‌లో ఏ స్లాట్ ఉందో చూసుకోండి.