ఇంటి పన్ను తగ్గింపు కొనేవాడికి దక్కదు

పోలవరం (మా గ్రామీణ విలేకరి): పంచాయతీ ఎన్నికల మాట వచ్చినప్పుడల్లా అరుగుల మీద వినిపించే వాగ్దానాలలో ఇంటి పన్ను తగ్గింపు ఒకటి. చెవికి ఇంపైన మాట. పన్ను తగ్గిస్తే సామాన్యుడికి సొంత ఇల్లు అందుబాటులోకి వస్తుందని, కొత్తగా ఇల్లు కొనుక్కునేవారికి భారం తగ్గుతుందని కూడా కొందరు చెబుతుంటారు. పన్ను తగ్గితే ఊరట కలిగే మాట నిజమే. అయితే ఆ ఊరట కలిగేది ఈ రోజు ఇల్లు చేతిలో ఉన్నవారికి. రేపు కొనబోయేవారికి కాదు. ఈ తేడాను గమనించకుండా పన్ను తగ్గింపును ఇల్లు లేనివారికి చేసే మేలుగా ప్రచారం చేయడం సమంజసం కాదు.

ఇందులో చిక్కు లెక్కలేమీ లేవు. రూపాయి వడ్డీ లెక్క తెలిసిన వారెవరైనా వేసి చూసుకోవచ్చు.

ఒక డాబా ఇంటికి ఏడాదికి 1,200 రూపాయల పన్ను ఉన్నదనుకుందాం. దానిని సగానికి తగ్గించారు. ఏటా 600 మిగులుతుంది. ఆ ఇల్లు అమ్మకానికి వచ్చింది. అమ్మేవారు బేరం దగ్గర ఏమంటారు? "పన్ను కూడా పెద్దగా లేదండీ, చూసుకోండి" అంటారు. ఆ ఒక్క మాట మీద ధర ఒక మెట్టు ఎక్కుతుంది. నూటికి నెలకు రూపాయి వడ్డీ చొప్పున 5,000 రూపాయల అప్పు మీద ఏడాదికి పడే వడ్డీ సరిగ్గా 600. అంటే ధర 5,000 పెరిగిందంటే కొన్నవారికి పన్నులో మిగిలినది వడ్డీ కింద పోయింది. ఇళ్ళ బేరాలు అయిదు వేల దగ్గర ఆగవని అందరికీ తెలుసు. 10,000 పెరిగితే ఏడాదికి 1,200 వడ్డీ కట్టి 600 పన్ను మిగుల్చుకున్నట్టు. లాభం అమ్మినవారు బయానా పుచ్చుకున్న రోజునే మూటగట్టుకున్నారు.

అన్ని ఊళ్ళలోనూ ఇది ఒకే తీరుగా జరగదు. స్థలాలు విరివిగా ఉండి, కొత్త ఇళ్ళు సులువుగా లేచే చోట అమ్మేవారికి పోటీ ఉంటుంది. ధర అంతగా పెంచలేరు. స్థలం కరువైన చోట తగ్గిన పన్ను మొత్తం ధరలో కలిసిపోతుంది.

స్థలం కరువైన ఊరు

మన పోలవరం రెండో కోవకు చెందినది. ఒక పక్క గోదావరి, మరొక పక్క కొండలు. ఊరు పెరగడానికి ఉన్న జాగా తక్కువ. మండలంలోని ఏజెన్సీ గ్రామాలలో 1/70 చట్టం అమలులో ఉన్నది కనుక అక్కడ గిరిజనేతరులకు స్థిరాస్తి బదిలీ చెల్లదు. గిరిజనుల భూమికి ఆ రక్షణ ఉండవలసినదే. అయితే ఇల్లు కావలసిన మిగతావారంతా ఉన్న కొద్ది స్థలాల మీదనే పడవలసి వస్తున్నదన్నది కూడా వాస్తవం.

దీనికి తోడు ప్రాజెక్టు ఉన్నది. 2014 రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ చట్టం పోలవరాన్ని జాతీయ ప్రాజెక్టుగా ప్రకటించింది. పనుల కోసం వచ్చినవారికి ఇళ్ళు కావాలి. రామయ్యపేట, పైడిపాక, దేవరగొంది, మామిడిగొంది వంటి ఊళ్ళవారు ఉన్న ఇల్లు వదిలి కదలవలసి వచ్చింది. ప్రభుత్వం కాలనీలలో ఇళ్ళు ఇచ్చినా, పిల్లలు పెద్దవారై వేరు కాపురాలు పెట్టినప్పుడు, పనులు దొరికే చోటుకు దగ్గరగా ఉండాలనుకున్నప్పుడు బయట ఇల్లు వెతుక్కోక తప్పదు. అటువంటి కుటుంబాలు బేరానికి దిగేది చేతిలో ఉన్న కొద్దిపాటి పరిహారంతోనే. అది ఒకసారి వచ్చే సొమ్ము. ఖర్చయితే మళ్ళీ రాదు. ఇంటి ధర పదివేలు పెరిగినా వారికి అది పెద్ద మాటే.

కనుక ఈ ఊళ్ళో ఇంటి పన్ను తగ్గింపు అంటే, ఉన్నవారి ఆస్తి విలువను మరికొంత పెంచి, లేనివారిని బేరంలో మరికొంత వెనక్కి నెట్టడమే అవుతుంది.

పన్ను పోతే పోయేదేమిటి?

పంచాయతీకి సొంతంగా వచ్చే రాబడిలో ముఖ్యమైనది ఇంటి పన్ను. 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గ్రామ పంచాయతీ దీనిని తప్పనిసరిగా విధించాలి. వీధి దీపాలు, మురుగు కాలువల పూడిక, మంచినీటి మోటారు మరమ్మతు, పారిశుద్ధ్య కార్మికుల జీతం వంటి రోజువారీ ఖర్చులకు పంచాయతీ ముందుగా తడుముకునేది ఈ డబ్బునే. కేంద్ర ఆర్థిక సంఘం నిధులు వస్తాయి కాని, వాటికి వేళ ఉండదు, వాటితో ఏది చేయాలో షరతులు ఉంటాయి.

గోదావరి ఒడ్డున ఉన్నవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. 1986 ఆగస్టు వరద చూసినవారు ఇంకా ఊళ్ళలో ఉన్నారు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరదను పిల్లలు కూడా చూశారు. వరద వచ్చినప్పుడు మంత్రులు వస్తారు, పడవలు వస్తాయి, పులిహోర పొట్లాలు వస్తాయి. నీరు తీసిన తరువాత వీధిలో మోకాలి లోతు ఒండ్రు ఎత్తించి, బ్లీచింగు చల్లించి, బోరు నీరు శుభ్రం చేయించే పని మాత్రం పంచాయతీ నెత్తినే పడుతుంది. ఆ రోజు పంచాయతీ ఖాతాలో డబ్బు లేకపోతే జ్వరాలు ప్రతి ఇంటికీ వస్తాయి. అవి పన్ను ఎంత కట్టారని అడిగి రావు.

ఇంకొక చిన్న సంగతి చాలామందికి తెలియదు. ఇంటి పన్నులో ప్రతి రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు ఉంటుంది. వెయ్యి గడపల ఊరు ఒకటి తీసుకుని, గడపకు 600 చొప్పున పన్ను తగ్గించారనుకుంటే, పంచాయతీకి ఏడాదికి 6 లక్షలు పోవడమే కాక గ్రంథాలయానికి 48,000 పోతుంది. ఉద్యోగ పరీక్షలకు చదివే కుర్రవాడు ఉచితంగా పేపరు చూసుకునే చోటు అది.

ఇంటి ధర గోడలకు, కప్పుకు మాత్రమే వచ్చేది కాదు. వీధి దీపం వెలుగుతుందా, కాలువ పారుతుందా, కుళాయి వస్తుందా అన్నవి కూడా చూసే కొంటారు. పన్ను తగ్గించి కాలువ పూడికను వదిలేస్తే, మొదట పెరిగిన ధర నాలుగు వర్షాకాలాల తరువాత పడిపోతుంది. అప్పటికి అమ్మినవారు అమ్మి వెళ్ళిపోయి ఉంటారు. ఎక్కువ ధర పెట్టి కొన్నవారు దోమల మధ్య మిగులుతారు.

పట్టణాల అనుభవం

పక్కనే ఉన్న కొవ్వూరు, రాజమహేంద్రవరం వంటి పట్టణాల సంగతి కూడా చూడాలి. మన ప్రాంతంవారు పిల్లల చదువుల కోసం అక్కడ ఇళ్ళు కొంటుంటారు. 2020లో మునిసిపల్ చట్టాలను సవరించి, అంతకుముందు అద్దె విలువ మీద వేసే ఆస్తి పన్నును 2021 ఏప్రిల్ నుంచి ఆస్తి మూల విలువ మీద వేసే పద్ధతికి మార్చారు. నివాస గృహాలకు మూల విలువలో 0.10 నుంచి 0.50 శాతం వరకు పన్ను. ఒక్కసారిగా పెరగకుండా, పాత పన్ను మీద ఏడాదికి 15 శాతానికి మించి పెంచరాదని కట్టుబాటు పెట్టారు. ఇది పాత ఇళ్ళవారికి రక్ష. పాత పన్ను అంటూ లేని కొత్త ఇంటికి ఆ రక్ష ఎక్కడిది?

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం ఇదే దారిలో మరింత దూరం పోయింది. 1978లో అక్కడి ఓటర్లు 13వ ప్రతిపాదనను ఆమోదించి ఆస్తి పన్నును విలువలో ఒక శాతానికి కట్టడి చేశారు. పన్ను లెక్కకు తీసుకునే విలువ ఏడాదికి 2 శాతానికి మించి పెరగకూడదన్నారు. ఇల్లు చేతులు మారినప్పుడు మాత్రం కొన్న ధర మీద కొత్త లెక్క మొదలవుతుంది. ఫలితంగా ఒకే వీధిలో ఒకే మాదిరి ఇళ్ళకు పాతకాపు కట్టే పన్ను ఒకటి, కొత్తగా కొన్నవారు కట్టే పన్ను దానికి ఎన్నో రెట్లు. పన్ను తగ్గింపు పేరుతో వచ్చిన చట్టం కొత్తగా కొనేవారిపైనే ఎక్కువ బరువు మోపింది. ఇళ్ళు చౌకగా దొరికే రాష్ట్రమని కాలిఫోర్నియాకు పేరు కూడా రాలేదు.

హైదరాబాదులో 2015 డిసెంబరులో, నగరపాలక సంస్థ ఎన్నికలకు ముందు, ఏడాదికి 1,200 రూపాయల వరకు పన్ను ఉన్న ఇళ్ళకు దానిని 101 రూపాయలకు తగ్గించారు. చిన్న ఇళ్ళవారికి అది నిజమైన ఊరట. అయితే ఆ 101 రూపాయల రసీదు ఇంటి యజమాని చేతికి వచ్చేదే. ఆ ఇంట్లో అద్దెకు ఉండి నాలుగు రాళ్ళు వెనకేసి ఇల్లు కొనుక్కోవాలనుకునే వారి పేరు దాని మీద ఉండదు.

ఎదుటివారి వాదన

పన్ను తగ్గించాలనేవారి మాటలో న్యాయం లేకపోలేదు. తాతలనాటి పెద్ద పెంకుటింట్లో ఒంటరిగా ఉండే ముసలమ్మకు ఇల్లు పెద్దదే కాని రాబడి లేదు. ఇంటి విలువ పెరిగిందని ఆమెకు పన్ను పెంచితే ఆమె గోడ ఇటుకలు తీసి కట్టలేదు కదా! అటువంటివారికి మినహాయింపు ఇవ్వవలసిందే. మునిసిపల్ పన్ను మార్చినప్పుడు 375 చదరపు అడుగుల లోపు నివాస గృహాలకు ఏడాదికి 50 రూపాయలే పెట్టడం ఇటువంటి ఆలోచనే. ఎవరికి అవసరమో వారిని చూసి ఇవ్వడం వేరు, రెండంతస్తుల మేడకూ రేకుల షెడ్డుకూ కలిపి ఒకే సగం తగ్గించడం వేరు. సగం తగ్గింపులో మేడకు ఎక్కువ మిగులుతుంది, షెడ్డుకు తక్కువ మిగులుతుంది.

కొనేవారికి ఏది కావాలి?

ఇల్లు కొనేవారి నడుము విరిచేది ఇంటి పన్ను కాదు, రిజిస్ట్రేషను ఖర్చు. మన రాష్ట్రంలో అమ్మకపు దస్తావేజుకు స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషను రుసుము 1 శాతం, మొత్తం 7.5 శాతం. 8 లక్షల ఇంటికి ఇది 60,000 రూపాయలు. పైన చెప్పిన 600 రూపాయల పన్ను మిగులుతో ఈ మొత్తాన్ని పూడ్చుకోవాలంటే 100 ఏళ్ళు పడుతుంది! 2025 ఫిబ్రవరి 1న రాష్ట్రంలో భూముల మార్కెట్ విలువలు సవరించారు. విలువ పెరిగిన చోట శాతం మారకపోయినా కట్టవలసిన సొమ్ము పెరిగినట్టే.

ముంపు కుటుంబాల సంగతి మరీ ఆలోచించదగినది. 2013 భూసేకరణ చట్టం రెండవ షెడ్యూలు ప్రకారం నిర్వాసితులకు కేటాయించిన భూమికి, ఇంటికి స్టాంపు డ్యూటీ, ఇతర రుసుములను భూమి తీసుకున్న సంస్థే భరించాలి. చట్టం దయ అక్కడితో ఆగిపోయింది. గిరిజనేతర కుటుంబానికి లెక్కించిన 6 లక్షల 36 వేల ప్యాకేజీ మొత్తాన్ని ఎవరైనా బయట ఒక ఇంటికి పెట్టి కొనుక్కుంటే, 7.5 శాతం చొప్పున 47,700 రూపాయలు విడిగా ప్రభుత్వానికి కట్టాలి. ఒక చేత్తో ఇచ్చి మరొక చేత్తో తీసుకోవడం కాదా ఇది?

నిర్వాసిత కుటుంబం కొనే మొదటి ఇంటికి స్టాంపు డ్యూటీ 5 శాతాన్ని మినహాయించడం న్యాయం. ఈ మినహాయింపు అందరికీ ఇస్తే అదీ ధరలో కలిసిపోతుంది. కొందరికే ఇస్తే అమ్మేవారు ధర పెంచడం అంత తేలిక కాదు, ఎందుకంటే మినహాయింపు లేని కొనుగోలుదారులు కూడా అదే ఇంటికి బేరానికి వస్తుంటారు. 1.5 శాతం బదిలీ సుంకం స్థానిక సంస్థలకు చెందవలసినది కనుక దాని జోలికి పోకుండా ఉంటే పంచాయతీలకూ నష్టం ఉండదు.

పంచాయతీ చేయగలిగిన పనులు కూడా ఉన్నాయి. గ్రామకంఠంలోని ఇళ్ళ బేరాలలో మొదట అడిగే కాగితం ఇంటి పన్ను రసీదు. అది హక్కు పత్రం కాకపోయినా ఊళ్ళో నమ్మకం దాని మీదనే నడుస్తుంది. పన్ను బకాయి మనిషిని వదిలినా ఇంటిని వదలదు. బకాయి ఉన్న ఇల్లు కొన్నవారు గత యజమాని ఏళ్ళ తరబడి ఎగవేసిన పన్నుకు జవాబు చెప్పుకోవలసి వస్తుంది. ఏ ఇంటికి ఎంత పన్ను, ఎంత బకాయి అన్న పట్టికను ఏటా పంచాయతీ కార్యాలయం గోడకు అతికిస్తే కొనేవారు మోసపోరు. పేరు మార్పిడి అర్జీ పెట్టుకున్నవారిని పదిసార్లు తిప్పకపోతే అదే పెద్ద రాయితీ. పక్కన మరొక పట్టికలో వసూలైన పన్ను దేనికి ఖర్చయిందో రాస్తే కట్టేవారికి కూడా మనసు వస్తుంది.

ఓటు అడగడానికి వచ్చేవారు ఇంటి పన్ను తగ్గిస్తామన్నప్పుడు సొంత ఇల్లు ఉన్నవారు సంతోషించవచ్చు, తప్పులేదు. అద్దె ఇళ్ళలోను, కాలనీల ఇరుకు గదులలోను ఉంటూ ఇంటి కోసం పైసా పైసా కూడబెడుతున్నవారు మాత్రం ఒక ప్రశ్న వేయాలి: "మేము కొనే ఇంటికి రిజిస్ట్రేషను ఖర్చు తగ్గిస్తారా? మా వీధిలో కాలువ తీయిస్తారా?" దీనికి జవాబు చెప్పలేని పన్ను తగ్గింపు ఇళ్ళున్నవారికి పెట్టే విందే కాని, ఇల్లు లేనివారి విస్తట్లో మెతుకు కాదు. జిల్లా అధికారులు, ప్రజాప్రతినిధులు ఈ విషయమై దృష్టి సారించి, నిర్వాసితుల మొదటి ఇంటి కొనుగోలుకు స్టాంపు డ్యూటీ మినహాయింపు కోసం ప్రభుత్వానికి ప్రతిపాదన పంపవలసిన అవసరం ఎంతైనా ఉన్నది.